కత్తికి ముందు బొమ్మ

రెండు వేల ఇరవై నాలుగు జూన్ పద్నాలుగు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది సద్దన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు, ఉప్పూ కారం అద్దిన పచ్చి మామిడి ముక్కలు. నెత్తళ్ళు పక్కింటి రోజా పంపింది. నా భార్య ఆనందకుమారి పోయాక నేను ఒక్కడినే వండుకుంటున్నానని, వాళ్ళింట్లో వేయించిన ప్రతిసారీ పిడికెడు ఆకులో చుట్టి మా పిట్టగోడ మీద పెట్టి పోతుంది. పిలవదు. పిలిస్తే నేను వద్దంటానని ఆమెకు తెలుసు.

ఆ రోజు మాత్రం ఆమె భర్త పెంచల్ తెచ్చాడు. తెచ్చి, మెట్టు మీద కూర్చుని, కుడికాలు చాపుకున్నాడు. మైపాడు దాటాక సముద్రం వారగా ఉంటుంది మా ఊరు. నేను అక్కడి ఐసు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేసి రిటైరయ్యాను. పెంచల్‌ను వాడి నిక్కరు రోజుల నుంచీ ఎరుగుదును.

వేసవిలో మరబోట్ల వేట రెండు నెలలు నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి కాబట్టి మగవాళ్ళంతా అలివి వల లాగుతారు. ఒడ్డు నుంచి నీళ్ళలోకి అర్ధచంద్రంగా వల దింపి, రెండు కొసల తాళ్ళనూ రెండు జట్లు ఇసుకలో నిలబడి లాగాలి. చేతుల బలం చాలదు. నడుముకు గుడ్డ పట్టీ కట్టి, దాన్ని తాడుకు మెలివేసి, వెనక్కి వాలి, తొడలు బిగించి అడుగులు వేస్తారు. ఏళ్ళ తరబడి లాగినవాళ్ళకు తాడు ఒరుసుకునే చోట, తుంటి మీదా తొడ మీదా, చర్మం మందమై కాయ కడుతుంది. దాన్ని మావాళ్ళు తాడు కాయ అంటారు. అది ఉన్నవాడు కష్టపడేవాడని లెక్క. పిల్లనిచ్చే మామలు పూర్వం అల్లుడి తొడ తడిమి చూసేవాళ్ళని ఇప్పటికీ ఎగతాళిగా చెప్పుకుంటారు.

పెంచల్ లుంగీ పైకి దోపుకుని ఉన్నాడు. తొడ లోపలి వైపు పైభాగాన బత్తాయంత ఎత్తు కనబడింది. ఏమిటని అడిగాను.

"తాడు కాయలే సారూ. కార్తీకంలో రేగ్గాయంత ఉండె. ఈ రెండు నెల్లూ బాగా లాగినాను గదా, ఊరింది." వాడు దాని మీద చెయ్యి వేసి, పెంపుడు పిల్లిని నిమిరినట్టు నిమిరాడు. "ఆదివారం మా మామ నన్ను నరేంద్రబాబు దగ్గరికి తీసకపోతుండాడు. సూదేసి, గాటు పెట్టి తీసేస్తాడంట."

నరేంద్రబాబు బజారులో జ్వరాలకు మందులిచ్చే ఆరెంపీ. మంచివాడే. కురుపులు కోయడంలో చేయి తిరిగినవాడని పేరు.

నొప్పి ఉందా అని అడిగాను.

"నొప్పే ఉంటే భయపడాల. ఇది నొప్పే ల్యా."

వాడు వెళ్ళాక నాకు స్థిమితం లేదు. ఆనందకుమారి అక్క కూతురు నవోమి నెల్లూరులో ఒక స్కాన్ సెంటరులో బొమ్మలు చదివే డాక్టరు. ఆమెకు ఫోన్ చేశాను. నేను చెప్పింది విని, ఫోన్ పెట్టకుండా పెంచల్ ఇంటికి నడవమంది. వాణ్ణి నిలబెట్టి తొడ బిగించమని చెప్పమంది. వదులుగా ఉన్నప్పుడు నా వేళ్ళకు కొద్దిగా కదిలిన గడ్డ, తొడ బిగించగానే కండకు అతుక్కున్నట్టు ఆగిపోయింది. పైనున్న చర్మం మాత్రం దాని మీద స్వేచ్ఛగా జారుతోంది. ఆ మాటే ఫోన్‌లో చెప్పాను.

"చిన్నాయనా, దాని మీద ఎవర్నీ కత్తి పెట్టనివ్వద్దు. సూది కూడా. ముందు ఎంఆర్ఐ తీద్దాం."

ఎందుకో విడమరిచి చెప్పింది. ఒంటి మీద వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఉత్త కొవ్వు గడ్డలేనట, ఏ హానీ చేయవట. కానీ కండ లోతుల్లో ఉండి, ఇంత పెద్దదై, ఇంకా పెరుగుతున్నదాన్ని చూడకుండా కోయకూడదట. అది చెడ్డదైతే, తెలియక పగలగొట్టి సగం తీసి వదిలితే, దాని కణాలు కారిన రక్తంతో పాటు చుట్టూ పాకుతాయి. తర్వాత ఎంత మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆ పాకిన మేరంతా తీసేయాలి. తొడలో ఆ చోట అంత మేర తీస్తే కాలు దక్కకపోవచ్చు.

ముప్పై ఎనిమిదేళ్ళ పెంచల్‌కు కాలు ఉండటమో పోవడమో ఆదివారం నరేంద్రబాబు బల్ల మీద తేలిపోతుందన్నమాట. వాడితో, రోజాతో ఉన్నదున్నట్టు చెప్పాను. పెంచల్, మామ ఎట్టంటే అట్టే అన్నాడు. తండ్రి లేని వాణ్ణి పెంచి, తాడు పట్టడం నేర్పిన మేనమామ గంగులయ్య. జట్టుకు పెద్ద. ఆయన్ను కాదని వాడు ఏదీ చేయడు.

మర్నాడు పొద్దున ఒడ్డుకు వెళ్ళాను. వల ఒకసారి లాగేసి అందరూ ఇసుకలో కూర్చుని ఉన్నారు. రోజా చేపలు ఏరుతోంది. గంగులయ్య నా మాటంతా విన్నాడు. విని, లేచి నిలబడి, పంచె పక్కకు తీసి తుంటి మీది కాయను అందరికీ చూపించాడు.

"నలభై ఏండ్లుగా మోస్తుండా దీన్ని. నేనేమన్నా సచ్చినానా సారూ? మీ ఫ్యాక్టరీలో గడ్డ కరుగుతాదేమో గానీ, మాది కరగదు. కోస్తేనే పోతాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది కాబట్టి. తర్వాత ఆయన కాయను వేలితో కదిపి చూపించమన్నాను. అది చర్మంతో పాటే కదిలింది. పెంచల్‌ది చర్మం కింద, కండ లోపల ఉందని చెప్పాను. గంగులయ్య ఒప్పుకోలేదు. వాడు తనకంటే గట్టిగా లాగుతాడు గనక అది లోతుకు దిగిందన్నాడు. చదువుకున్నోళ్ళకు తేలు కుట్టినా ఫోటో తీయాల అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

"కోసేది ఎప్పుడైనా కోయొచ్చు గంగులన్నా," అన్నాను. "ఒకసారి కోసినాక, కోయక ముందు ఎట్టుండెనో చూడాలంటే మాత్రం కుదర్దు."

ఆయన బదులు చెప్పేలోగా రోజా చేపల బుట్ట దించి లేచింది. ఆమె గొంతు పెద్దది కాదు.

"మామా, నువ్వు చెప్పిన మాట ఇంతవరకూ తీసేయలే. ఈ ఒక్కటీ నేను చెప్తా. బొమ్మ తీసిందాకా ఆయన కాలు ఎవురూ ముట్టుకోగూడదు."

కోడలు అంతమందిలో ఎదురు చెప్పడం గంగులయ్యకు కొత్త. ఆయన పెంచల్ వైపు చూశాడు. పెంచల్ ఇసుక వైపు చూశాడు. చివరికి ఆయన, సరే, కానీ నేనూ వస్తా, ఆ మిషను ఏం జెప్తాదో నా కండ్లతో జూస్తా అన్నాడు. అది గూడా తాడు కాయే అంటే సారు జట్టంతటికీ కోడికూర పెట్టాలని పందెం వేశాడు. నేను ఒప్పుకున్నాను. ఓడిపోవాలని అంత బలంగా కోరుకున్న పందెం నా జన్మలో మరొకటి లేదు.

మంగళవారం నలుగురం బస్సులో నెల్లూరు వెళ్ళాం. స్కాన్ సెంటరులో రూఫస్ అనే కుర్ర టెక్నీషియన్ పెంచల్‌ను కూర్చోబెట్టి, ఆ మిషను పెద్ద అయస్కాంతమని, ఇనుమును లాగేస్తుందని చెప్పి, ఒంటి మీది లోహమంతా తీసేయమన్నాడు. వెండి మొలతాడు, తాయెత్తు, కాలి మట్టె ఒక్కొక్కటే రోజా కొంగులోకి చేరాయి. మొలతాడు విప్పేటప్పుడు పెంచల్ సిగ్గుపడ్డాడు. రూఫస్ తల అటు తిప్పుకుని తెర లాగాడు. ఒంటి లోపల రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు, ఇనుప ముక్కలు ఏవైనా ఉన్నాయా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పెంచల్ లేవనే అన్నాడు.

వాణ్ణి లోపలికి తీసుకుపోయాక గంగులయ్య నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. భయం కప్పిపుచ్చుకోవడానికి మేనల్లుడి ధైర్యం చెప్పసాగాడు. వాడు దేనికీ జంకే రకం కాదట. కుర్రతనంలో గాలాల తాడు వేసేటప్పుడు సొరచేప లాగిన లాగుకు పెద్ద గాలం చేతి బొటనవేలి మొదట్లో దిగి విరిగిందట. కిక్కురుమనలేదట.

"తీయించినారా?" అన్నాను.

"ఎందుకు తీయడం? మానిపోయింది. ఇప్పటికీ ఆడ్నే ఉండాది."

నేను లేచి పరుగెత్తాను. నా వయసులో ఆ నున్నటి నేల మీద పడకుండా వెళ్ళడం దేవుడి దయ. పెంచల్‌ను చక్రాల బల్ల మీద పడుకోబెట్టారు, మిషను ఉన్న గది వైపు తోస్తున్నారు. నేను చెప్పగానే రూఫస్ బల్లను వెనక్కి లాగి, ముఖం మీది చెమట భుజంతో తుడుచుకున్నాడు. కోప్పడలేదు. ఎందుకు చెప్పలేదన్నా అని మామూలుగానే అడిగాడు.

"అది ఒంట్లో కలిసిపోయిందనుకున్నా సార్," అన్నాడు పెంచల్. "మావోళ్ళల్లో సగం మందికి యాడో ఒకచోట ఉంటాది. ఎవురు లెక్కబెడతారు?"

చేతికి ఎక్స్‌రే తీశారు. గాలం కొస, వెనక్కి వంగిన ఎదురుముల్లుతో సహా, గీసినట్టు కనబడింది. నవోమి వచ్చి చూసింది. ఇంత పాతది, చుట్టూ గట్టిపడిన కండలో ఉన్నది కదలకపోవచ్చు గానీ, పక్కనే బొటనవేలికి పోయే నరం ఉంది, ఆ అయస్కాంతం ముందు నేను పందెం కాయను అంది. చిన్న కోతతో తీయించి, గాయం మానాక స్కాన్ చేస్తానంది.

పెంచల్ చొక్కా వేసుకుంటున్నాడు. రోజా కొంగులోంచి తాయెత్తు తీసుకుని, ఇంటికి పోదామన్నాడు. దీనికి ఇన్ని అడ్డంకులు వస్తున్నాయంటే వద్దనే గదా అన్నాడు. తాయెత్తును పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడు భయపడటం లేదనుకున్నాం. వాడు భయాన్ని మామకు అప్పగించి తిరుగుతున్నాడంతే.

రోజా వాడి చేతిలోని తాయెత్తు మళ్ళీ తీసుకుని, కొంగులో మూటకట్టి, మూటను నడుముకు దోపుకుంది. తర్వాత వాడి మంచి చెయ్యి పట్టుకుని, సర్జన్ ఎక్కడ అని నవోమిని అడిగింది.

సర్జన్ క్లినిక్ అదే వీధిలో ఉంది. లోపలికి ఒక్కరే రావచ్చన్నారు. రోజా రక్తం చూసి తట్టుకోలేదని గంగులయ్య వెళ్ళాడు. బయట నేనూ రోజా కూర్చున్నాం. ఒక ఆయా అడక్కుండానే రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి మా మధ్య పెట్టింది. రోజా తన గ్లాసు ముట్టకుండా తలుపు వైపే చూస్తూ ఉంది.

గంగులయ్య బయటికి వచ్చినప్పుడు ఆయన అరచేతిలో దూది మీద తుప్పు పట్టిన ఆ కొక్కెం ముక్క ఉంది. దాన్ని నాకు చూపించి, ఎదురుగా నిలబడ్డాడు. ఆయనకు గాలాల సంగతి నా కంటే, ఆ సర్జన్ కంటే బాగా తెలుసు. తన చేతిలోంచీ, జట్టువాళ్ళ చేతుల్లోంచీ ఎన్ని తీశాడో.

"ఆ డాక్టరు వెంటనే కోయలా సారూ," అన్నాడు. "బొమ్మ దీపానికి అడ్డం పెట్టి, ఎదురుముల్లు ఎటు తిరిగుండాదో చూసినాడు. మళ్ళా చూసినాడు. అప్పుడు గాటు పెట్టినాడు, ముల్లు పొయ్యే దోవలోనే. నేను గూడా అంతే. ఎటు తిరిగుండాదో చూడకుండా ఏ నాడూ గాలం లాగలే. లాగితే కండ పీక్కొని వస్తాది."

ఆయన ఆ ముక్కను వెలుగుకు తిప్పి చూశాడు.

"వాడి తొడలో ఉండేది ఎటు తిరిగుండాదో నాకు తెలుసా? నరేంద్రబాబుకు తెలుసా?" ఆయన కొక్కెం ముక్కను దూదిలో చుట్టి అక్కడున్న బుట్టలో పడేశాడు. "చూడాల. చూసినాకే."

ఆ రోజు నుంచి పట్టుదల నాదీ రోజాదీ కాదు, ఆయనది. ఊరికి వచ్చిన సాయంత్రమే నరేంద్రబాబు దగ్గరికి స్వయంగా వెళ్ళి ఇక కోతకు రామని చెప్పాడు. ఇంకోసారి ఎవరికైనా తొడలో ఇట్టాంటిది కనిపిస్తే ముందు నెల్లూరు పంపమని కూడా చెప్పాడట. నరేంద్రబాబు తగాదా పడలేదు. ఆ మాట నేను బజారులో అడిగితే, నేనూ ఒకరకంగా బయటపడ్డాను సార్ అన్నాడు. తాడు దగ్గర పెంచల్ కనిపిస్తే గంగులయ్య తిట్టి ఇంటికి తోలేవాడు.

చేతి గాయం మానాక మళ్ళీ వెళ్ళాం. చేతికి ఇంకోసారి ఎక్స్‌రే తీసి, ఏమీ మిగల్లేదని చూశాకే లోపలికి తీసుకున్నారు. రూఫస్ వాడి మోకాలి కింద మడత దుప్పటి పెట్టాడు, చెవులకు దూది పెట్టి పైన మూతలు బిగించాడు, భయమేస్తే నొక్కమని రబ్బరు బుడ్డి చేతికిచ్చాడు. పెంచల్ దాన్ని ఒక్కసారీ నొక్కలేదు. ఇంజను పక్కనే తల పెట్టి పడుకున్నట్టుంది, మధ్యలో నిద్ర కూడా పట్టింది అన్నాడు తర్వాత.

నవోమి మమ్మల్ని తన గదిలోకి పిలిచి తెర మీద బొమ్మలు చూపించింది. గంగులయ్య ముందుకు వంగి కూర్చున్నాడు. తొడను అడ్డంగా కోసి చూపినట్టుంది, ఒక్క చుక్క రక్తం లేకుండా. ఎముక చుట్టూ బూడిద రంగులో కండలు, వాటి చుట్టూ తెల్లగా కొవ్వు. కండల మధ్య ఒక గుండ్రటి ముద్ద.

ఈ బొమ్మలో కొవ్వు తెల్లగా కనబడుతుంది అంది. ఇంకో బొమ్మ తెచ్చి, ఇందులో కొవ్వును మాత్రం నల్లగా మార్చేశామంది. చుట్టూ ఉన్న తెలుపంతా నల్లబడింది. ముద్ద నల్లబడలేదు, పైగా మెరిసింది. అంటే అది కొవ్వు గడ్డ కాదు. చేతి రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసిన బొమ్మలో దాని అంచులు వెలిగాయి, నడుమ కొంత భాగం చీకటిగా ఉండిపోయింది. అక్కడికి రక్తం అందడం లేదట. ఇలా అతుకులు అతుకులుగా ఉండటం నాకు నచ్చలేదు అని దాపరికం లేకుండా చెప్పింది.

"మరి తాడు కాయ?" అన్నాడు గంగులయ్య.

ఆమె వేలితో పైన చర్మం మందంగా ఉన్న చిన్న మేరను చూపించింది. ఇదీ మీ కాయ, ఇది వేరే, అది వేరే అంది. రెండింటి నడుమా చాలా ఎడం ఉంది. గంగులయ్య ఆ ఎడాన్ని చూస్తూ ఉండిపోయాడు. పందెం సంగతి ఎవరూ ఎత్తలేదు.

రోజా అడగాల్సింది ఒకటే. కాలు ఉంటుందా?

నవోమి బొమ్మలను ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయింది. ముద్ద పక్కనే రెండు గుండ్రటి నల్లటి చుక్కలు. కాలికి రక్తం తీసుకుపోయే, తెచ్చే పెద్ద నాళాలట. వాటి దగ్గరే నరం. ముద్దకూ వాటికీ మధ్య సన్నటి తెల్లటి గీత, దారమంత, ఏ బొమ్మలోనూ తెగకుండా ఉంది.

"ఇది కొవ్వు పొర. గడ్డ ఇంకా దీన్ని దాటలేదు," అంది. "దీనికి పేరు పెట్టడం బొమ్మ వల్ల కాదు. సూదితో ముక్క తీసి చూడాలి. ఆ సూది కూడా ఆపరేషన్ చేయబోయే డాక్టరే, తను కోయబోయే దారిలోనే వేయాలి. కానీ కాలు నిలబెట్టడానికి చోటుంది. ఇవాళ ఉంది. ఆలస్యం చేయొద్దు."

ఆ గీతను నేను కళ్ళలో పెట్టుకున్నాను. పెంచల్ కాలూ, రోజా సంసారమూ ఆ కాస్త కొవ్వు మీద ఆగి ఉన్నాయి. ఆదివారం కత్తి పడి ఉంటే ముందు చెదిరేది అదే.

గూడూరు మీదుగా చెన్నై వెళ్ళాం. అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో సూదితో ముక్క తీశారు. కండలో పుట్టే అరుదైన క్యాన్సరని తేలింది. ఊపిరితిత్తులకు స్కాన్ చేశారు, అక్కడికి పాకలేదు. సర్జను మా బొమ్మలను తన బల్ల మీద మళ్ళీ మొదటి నుంచి చివరి వరకూ చూశాడు. దీన్ని ఎవరూ ముందు కెలకలేదు కదా అని అడిగాడు. లేదని గంగులయ్యే చెప్పాడు, నేను నోరు తెరిచేలోగా.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. పొద్దున తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటాక సర్జను బయటికి వచ్చి, గడ్డను పగలకుండా, చుట్టూ మంచి కండ పొరతో సహా ఒకే ముద్దగా తీశామని, పెద్ద నాళాలూ నరమూ బాగున్నాయని చెప్పాడు. తీసిన అంచులను పరీక్షకు పంపారు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి. కొన్నేళ్ళ పాటు కొన్ని నెలలకోసారి స్కాన్‌లు చేయించుకుంటూ ఉండాలి. అలివి వల తాడు ఇక పట్టకూడదు, మామూలు నడకకు ఇబ్బంది ఉండదు. గంగులయ్య ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ, అవన్నీ తనే చేయాల్సిన పనులైనట్టు విన్నాడు.

చీకటి పడ్డాక పెంచల్‌ను గదికి తెచ్చారు. మత్తు వదిలింది గానీ కళ్ళు తెరవలేదు. వాడు నిద్రపోవడం లేదని నాకు తెలిసింది. నడుము కిందికి చూడటానికి భయపడుతున్నాడు.

"ఉండాదా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

రోజా దుప్పటి అంచు ఎత్తింది. కట్ల కింద పాదం ఉబ్బి, పసుపు రంగు మందు పూసి ఉంది. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నా చేతిలో ఉండాది. కాలి ఏళ్ళు కదిలించు."

మొదట ఏమీ జరగలేదు. తర్వాత బొటనవేలు కొద్దిగా వంగింది. దాని వెంట మిగిలినవి. రోజా ఇంకోసారి అంది. ఇంకోసారి కదిలాయి. ఆమె పాదం మీద దుప్పటి సర్ది, అప్పుడు మంచినీళ్ళు అడిగింది. పొద్దుటి నుంచీ ఆమె ఏదీ నోట పెట్టలేదు. పక్క మంచం రోగి తల్లి సీసా అందించింది.

కాసేపటికి పెంచల్ ఊపిరి ఒక తీరుకు వచ్చింది. వరండా లైటు వాడి ముఖం మీద పడుతోంది. గంగులయ్య చప్పుడు కాకుండా లేచి, పక్క మంచం వాళ్ళకు మెలకువ రాకుండా వేళ్ళ మీద నడిచి వెళ్ళి, తలుపును మెల్లగా దగ్గరికి వేసి, గడియ పడేదాకా చేత్తో పట్టుకుని ఉన్నాడు.